కుక్కపిల్ల వచ్చాక మా బ్రూనో వీధి కుక్కల మీద పడుతున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది నెల్లూరులో వేదాయపాళెం. మా బ్రూనో లాబ్రడార్ క్రాస్, మగకుక్క, రెండున్నరేళ్లు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. మొన్నమొన్నటి దాకా వీధి చివర కుక్కలతో కలిసి ఆడుకునేవాడు. దసరా సెలవుల్లో మా పాప కందుకూరులో వాళ్ల పెదనాన్న ఇంటి నుంచి రెండు నెలల ఆడ కుక్కపిల్లను తెచ్చుకుంది. పేరు చిట్టి. మొదట్లో అంతా బాగానే ఉంది. ఇప్పటికి నెల పైనే అయింది, వీధిలో ఏ కుక్క కనిపించినా బ్రూనో మీదికి దూకుతున్నాడు. పక్కింటి పొమేరియన్ చెవి కొరికాడు. మొన్న మావారిని లాగి కింద పడేశాడు, ఆయన మణికట్టు వాచింది. ఆ కోపంలో కర్రతో రెండు దెబ్బలేశారు. ఇప్పుడు పగలంతా గేటు దగ్గర గొలుసుతో కట్టేస్తున్నాం. చిట్టిని మాత్రం ఏమీ అనడు. గిన్నె దగ్గరికి వస్తే గుర్రుమంటాడు, మేం కసిరితే ఊరుకుంటాడు. చిట్టి పాప దగ్గర పడుకుంటుంది. గొడవెందుకని బ్రూనోని వరండాలోకి మార్చాం. వాడికి రేబిస్ టీకా చిన్నప్పుడు వేయించిందే. కుక్కపిల్ల వచ్చిన వేళ మంచిది కాదు, ఇచ్చేయమని మా అత్తయ్య అంటున్నారు. ఇది కుళ్లుతో చేస్తున్నదేనా? ఆపరేషన్ చేయిస్తే తగ్గుతుందా? చిట్టిని తిరిగి ఇచ్చేయాలా?
ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: అమ్మా, మీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. దానికంటే ముందు ఈ రోజే గేటు దగ్గర గొలుసు విప్పేయండి. కర్ర ఎక్కడైనా దాచేయండి.

మీ వారిని తప్పు పట్టడం లేదు. నలుగురిలో కింద పడి, చెయ్యి వాచిన మనిషికి కోపం రాకుండా ఎలా ఉంటుంది? కానీ బ్రూనో వైపు నుంచి చూడండి. ఎదురుగా ఒక కుక్క కనిపించింది, వెంటనే ఒంటి మీద దెబ్బ పడింది. నేను దూకాను కాబట్టి కొట్టారని వాడికి తోచదు. ఆ కుక్క కనిపిస్తే నాకు నొప్పి కలుగుతుందని మాత్రం బాగా గుర్తుంటుంది. ఇంకోసారి ఆ కుక్క ఇంకా దూరంలో ఉండగానే ఎగబడతాడు. గేటు గొలుసు కూడా ఇలాగే పని చేస్తుంది. దారిన పోయే ప్రతి కుక్కనూ చూసి అరుస్తాడు, అది తన మానాన తను వెళ్లిపోతుంది. నేను అరిచాను కాబట్టే పోయిందని వాడు అనుకుంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడికి అదే అభ్యాసం అవుతోంది. వాణ్ని ఇంట్లోకో, పెరట్లోకో మార్చండి. గేటు కింది సగానికి గ్రీన్ మ్యాట్ గానీ పాత ప్లైవుడ్ ముక్క గానీ కడితే వీధి కనపడదు. అరుపులు సగం అక్కడే తగ్గుతాయి.

తర్వాతి పని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లడం. బాగా ఉన్న కుక్క గుణం ఉన్నట్టుండి మారితే నేను ముందు ఒంట్లో నొప్పి కోసం వెతకమంటాను. లాబ్రడార్లకు చెవిలో ఇన్ఫెక్షన్ తరచుగా వస్తుంది, మన వానాకాలపు తేమలో ఇంకా ఎక్కువ. పళ్లు వచ్చే కుక్కపిల్ల పెద్దవాడి చెవులు పట్టుకుని వేలాడుతుంది. లోపల నొప్పి ఉన్న చెవిని రోజంతా అలా లాగుతుంటే వాడి ఓపిక ఎంతని ఆగుతుంది? తల విదిలిస్తున్నాడేమో, చెవి దగ్గర వాసన వస్తోందేమో చూడండి. లాబ్రడార్లలో తుంటి కీలు లోపం కూడా ఎక్కువే. మెట్లెక్కడానికి వెనకాడుతున్నాడా, కూర్చున్నప్పుడు ఒక కాలు పక్కకు చాపుతున్నాడా గమనించి డాక్టరుకు చెప్పండి. వానల తర్వాత పిడుదులు, అదే గోమార్లు, ఎక్కువవుతాయి. వాటి వల్ల వచ్చే జ్వరంలో కీళ్ల నొప్పులుంటాయి, దాన్ని రక్తపరీక్షలో పట్టుకోవచ్చు. మీ దగ్గర ఎక్స్‌రేకో, రక్తపరీక్షకో వీలు కాకపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఈలోగా నొప్పి తగ్గుతుందని మనుషులు వేసుకునే మాత్రలు మాత్రం వేయవద్దు. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కలకు ప్రమాదం.

రేబిస్ గురించి మీరు పైపైన రాశారు, నేను అలా వదిలేయలేను. ఉన్నట్టుండి కరవడం మొదలుపెట్టిన కుక్క అనగానే ఎవరికైనా ముందు ఆ భయమే కలుగుతుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డ కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. బ్రూనో నెల పైగా ఇలా ఉన్నాడు, అన్నం దగ్గర గుర్రుమనేంత ఆకలితో తింటున్నాడు. కాబట్టి ఈ దూకుడుకు కారణం రేబిస్ కాదు. కానీ రెండేళ్ల కింద వేసిన ఒక్క టీకాతో వీధి కుక్కలతో పోట్లాడుతున్నాడంటే రేపు రాదని ఎవరూ చెప్పలేరు. ఈ వారమే టీకా వేయించండి, ఏటా తప్పకుండా వేయించండి. చిట్టికి ఇప్పుడు నాలుగు నెలలు దగ్గర పడుతున్నాయి, మూడు నెలలు నిండగానే పడాల్సిన రేబిస్ టీకా పడిందో లేదో చూసుకోండి. పార్వో, డిస్టెంపర్ టీకాలు కూడా. ప్రతి జూలై 6న ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, వచ్చే ఏడాదికి గుర్తుపెట్టుకోండి. ఈసారికి మాత్రం దానికోసం ఆగవద్దు.

పొమేరియన్‌ను విడిపించేటప్పుడు గానీ, ఇంకెప్పుడైనా గానీ ఎవరి చర్మానికైనా పన్ను గీరుకుందా? గీరుకుని ఉంటే చిన్న గీతే కదా అనుకోకుండా ప్రభుత్వాసుపత్రికి వెళ్లి చూపించుకోండి, అక్కడ టీకా ఉచితం. ఇకముందు అలా జరిగితే వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం లాంటివి రాయకూడదు. మీ వారి మణికట్టుకు ఎక్స్‌రే తీయించకపోయి ఉంటే అదీ తీయించండి.

ఇక కుళ్లు సంగతి. చిట్టి మీద కుళ్లే అయితే ఆ కోపం చిట్టి మీదే కనిపించాలి. దసరా నుంచి మీ ఇంట్లో వాడి బతుకు ఎలా మారిందో వరసగా చూస్తే నాకు వేరే సంగతి కనిపిస్తోంది.

మొదట వాడి పడక పోయింది. రెండేళ్లు లోపల పడుకున్నవాణ్ని వరండాలో వేశారు. వీధిలో కుక్కల గొడవలన్నీ జరిగేది రాత్రిపూటే, ప్రతి అరుపూ ఇప్పుడు వాడి చెవి పక్కనే. పెద్ద కుక్కకు రోజులో సగానికి పైగా నిద్ర, విశ్రాంతి కావాలి. పగలు చిట్టి పడుకోనివ్వదు, రాత్రి వీధి పడుకోనివ్వదు. పసిబిడ్డ ఏడుపుతో రాత్రుళ్లు నిద్రలేని తండ్రి ఆఫీసుకెళ్లి ఎవరో ఒకరి మీద అరిచినట్టే ఇదీను. కోపం వచ్చింది ఒకచోట, బయటపడింది ఇంకోచోట.

అదే సమయంలో చిత్త కార్తె వచ్చింది. ఆ రోజుల్లో కుక్కలు ఎలా ఉంటాయో మన పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. అక్టోబరులో ఆ పక్షం రోజులకూ అటూ ఇటూ వీధి ఆడకుక్కలు ఎదకు వస్తాయి, మగవన్నీ గుంపులు కట్టి తిరుగుతాయి, ఒకదాన్నొకటి పీక్కుంటాయి. ఆపరేషన్ కాని మీవాడు ఆ వాసనలన్నీ పీలుస్తూ తాడు చివర ఉన్నాడు. నిన్నటిదాకా ఆడుకున్న కుక్కలే ఇప్పుడు వాడికి పోటీ. ఆ వెంటనే దీపావళి టపాసులు. ఆపైన మన నెల్లూరు వానలు. అందరికీ నైరుతిలో పడితే మనకు ఈశాన్యంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ముసురు పట్టిన రోజుల్లో మీరు వాణ్ని సరిగా తిప్పి ఉండరు. తిప్పిన రోజు వాడి ఒంట్లో నాలుగు రోజుల శక్తి ఉంటుంది.

వీటన్నిటికీ తోడు వయసు. కుక్కకు ఒళ్లు ఏడాదిలో ఎదిగినా బుద్ధి నిలకడకు వచ్చేది రెండు, మూడేళ్ల మధ్య. పిల్లగా ఉన్నప్పుడు కనిపించిన ప్రతి కుక్కతోనూ ఆడినవి ఈ వయసులో కొన్నిటినే దగ్గరికి రానిస్తాయి. ఇది జబ్బు కాదు. చిట్టి రాకపోయినా బ్రూనోలో ఈ మార్పు ఎంతో కొంత వచ్చేదే. చిట్టి రాకతో అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి.

ఇంకొకటుంది, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే. గిన్నె దగ్గర గుర్రుమంటే మీరు కసురుతున్నారు. గుర్రుమనడం కుక్క చెప్పే మర్యాదైన మాట. దూరంగా ఉండు, నాకు ఇబ్బందిగా ఉంది అని కరవకుండా చెబుతోంది. అది చెప్పినప్పుడల్లా తిట్టు పడితే చెప్పడం మానేస్తుంది, ఇబ్బంది మాత్రం లోపలే ఉంటుంది. చిట్టిని ఏమీ అనడని మీరు నిశ్చింతగా ఉన్నారు. నేనైతే అంత నిశ్చింతగా ఉండను. పసిపిల్లలను పెద్ద కుక్కలు చాలావరకు సహిస్తాయి. ఆ పిల్లకు నాలుగైదు నెలలు వచ్చేసరికి ఆ సహనం తగ్గుతుంది. చిట్టి ఇప్పుడు సరిగ్గా ఆ వయసుకే వస్తోంది. వాడు గుర్రుమంటే ఇకనుంచి చిట్టిని పక్కకు తీసుకెళ్లండి, వాణ్ని ఒక్క మాట కూడా అనవద్దు. గుర్రుమనకుండానే బిగుసుకుపోయి, తల కదపకుండా ఓరగా చూస్తూ, నాలుకతో మూతి తడుపుకుంటుంటే అప్పుడు మరీ జాగ్రత్త.

అత్తయ్యగారు చెప్పిన దాంట్లో ఒక నిజం ఉంది. అంతా ఆ కుక్కపిల్ల వచ్చినప్పటి నుంచే మొదలైందని ఆవిడ సరిగ్గానే పట్టుకున్నారు. పాపం చిట్టి వేళకు ఏ దోషమూ లేదు, కానీ ఆవిడ చూపు మనకు పనికొస్తుంది. పగలంతా ఇంట్లో ఉండేది ఆవిడే అయితే ఆ ఇంట్లో కుక్కల నిద్ర ఆవిడ చేతిలో పెట్టండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ నడుం వాల్చే వేళకు బ్రూనో ఒక గదిలో, చిట్టి ఇంకో గదిలో, మధ్యలో తలుపు వేసి ఉండాలి. కుక్కపిల్లకు రోజుకు పద్దెనిమిది గంటల దాకా నిద్ర కావాలి, పడుకోబెట్టకపోతే తిక్కతిక్కగా కరుస్తూ తిరుగుతుంది. కాబట్టి అది చిట్టికి శిక్ష కాదు. రాత్రికి బ్రూనో మళ్లీ తన పాత చోటే పడుకోవాలి. పాప గది తలుపు మూసి ఉంటే చిట్టి వాడి మీదికి రాదు. అన్నం కూడా విడివిడిగా, ఒకరికొకరు కనపడకుండా పెట్టండి. ఇద్దరూ తిన్నాక గిన్నెలు తీసేసి తలుపులు తెరవండి. రోజూ కాసేపు చిట్టి లేకుండా మీరో, మీ వారో వాడితో మాత్రమే గడపండి. ఏమీ చేయక్కర్లేదు, పక్కన కూర్చుని వీపు నిమిరినా చాలు.

బయట తిప్పడం కొన్నాళ్లు పూర్తిగా మారాలి. ఇద్దరినీ కలిపి తీసుకెళ్లవద్దు. పాప చేతికి బ్రూనో తాడు ఇవ్వనే వద్దు. మెడ బెల్టు బదులు ఛాతీకి వేసే హార్నెస్ కొనండి, తాడు తగిలించే కొక్కెం ముందువైపు ఉన్నది అడగండి. కుక్క ముందుకు లాగితే దాని ఒళ్లే పక్కకు తిరుగుతుంది, మనిషి పడడు. తాడు చేతికి చుట్టుకోకండి. తెల్లవారుజామున, రాత్రి వీధి కుక్కలు హుషారుగా ఉంటాయి. ఈ చలి నెలల్లో ఎండ పైకొచ్చాక, అవి ఎక్కడికక్కడ ముడుచుకుని పడుకున్నాక తీసుకెళ్లండి. ఆదివారం పొద్దున చికెన్ కొట్లున్న వైపు మాత్రం పోవద్దు. ఎండాకాలానికి ఈ వేళ పనికిరాదు, రోడ్డుకు అరికాళ్లు కాలతాయి. అప్పటికి వేళ మార్చుకోవాలి.

వాడి గుణం నిజంగా మారేది ఇప్పుడు చెప్పబోయే పనితోనే. ఊరి చివర ప్లాట్లు వేసి వదిలేసిన ఖాళీ లేఅవుట్లు మీ వైపు ఉంటాయి. అలాంటి చోటికి తీసుకెళ్లండి. ఉప్పు, ఉల్లిపాయ లేకుండా ఉడికించి, ఎముకలు తీసేసిన చికెన్ చిన్న చిన్న ముక్కలుగా చేసి జేబులో పెట్టుకోండి. దూరంగా ఒక కుక్క కనపడాలి, బ్రూనో దాన్ని చూడాలి, కానీ ఎగబడకూడదు. ఆ దూరం ఎంతో వాడే చెబుతాడు. చికెన్ ఇస్తే తింటున్నాడా, దూరం సరిపోయింది. తినకుండా బిగుసుకుపోయాడా, మీరు మరీ దగ్గరికొచ్చారు, వెనక్కి వెళ్లండి. వాడు ఆ కుక్కను చూసిన మరుక్షణం ముక్క నోట్లో పెట్టాలి. అది కనిపించినంతసేపూ ముక్కలు వస్తూనే ఉండాలి. అది కనుమరుగైతే చికెన్ ఆగిపోవాలి. వరస ముఖ్యం, ముందు కుక్క, తర్వాత చికెన్. తిరగేస్తే పని చేయదు. ఇలా కొన్ని రోజులు చేస్తే కుక్క కనపడగానే దూకకుండా మీ ముఖం వైపు చూస్తాడు. అదిగో, అప్పుడు నాలుగడుగులు దగ్గరికి వెళ్లవచ్చు. ఒక్కోసారి పది నిమిషాలకు మించి చేయకండి. వాన పడుతుంటే మానేయండి, ఒకరోజు మానితే నష్టం లేదు.

మూలమీద హఠాత్తుగా కుక్క ఎదురైతే ఆగి వాడికి నచ్చజెప్పే ప్రయత్నం చేయకండి. "పద" అని ఒక్కమాట అని వెనక్కి తిరిగి నడిచేయండి. ఆ మాటా, ఆ మలుపూ ముందే ఇంటి పెరట్లో ఆటలాగా అలవాటు చేస్తే వీధిలో పనికొస్తుంది. వీధి కుక్కే మీ వెంట పడితే రాయి కోసం వంగినట్టు వంగండి, చాలావరకు ఆగిపోతుంది. నిజంగా విసరనక్కర్లేదు. పోట్లాట అంటుకుంటే మాత్రం చేతులు మధ్యలో పెట్టవద్దు, బెల్టు పట్టుకోబోయిన చేతులకే ఎక్కువ గాట్లు పడతాయి. బకెట్ నీళ్లు ముఖాల మీద కుమ్మరించండి. లేదా ప్లాస్టిక్ కుర్చీ గానీ గోనెపట్టా గానీ మధ్యలోకి తోయండి. ఎవరితోనో ఒకరితో స్నేహం చేయించాలని వాణ్ని ఎదురెదురుగా నిలబెట్టే ప్రయోగాలు అసలు చేయకండి.

పక్కింటి వాళ్లకు ధైర్యం కావాలంటే బయట ఉన్నంతసేపు మూతికి బుట్టలాంటి చిక్కం వేయవచ్చు. ఎడ్లకు వేస్తామే, ఆ పద్ధతిలోది. నోరు తెరిచి రొప్పడానికి, నీళ్లు తాగడానికి వీలుండాలి. నోరు కట్టేసే గుడ్డ పట్టీలు మన ఉక్కపోతలో ప్రాణం మీదికి తెస్తాయి. ముందు చిక్కం లోపల చికెన్ పెట్టి తినిపిస్తూ, వాడే మూతి దూర్చేదాకా ఇంట్లో అలవాటు చేయండి.

ఆపరేషన్‌తో తగ్గుతుందా అని అడిగారు. ఆడకుక్కల కోసం తిరగడం, మగకుక్కలతో పోటీ కొంత తగ్గవచ్చు. భయంతోనో, నొప్పితోనో, నిద్ర లేకనో చేసే దూకుడు ఆపరేషన్‌తో పోదు. బాగా భయపడే కుక్కల్లో కొన్నిసార్లు ఎక్కువ కావచ్చు కూడా. అందుకే ఒంట్లో నొప్పి ఏమీ లేదని తేల్చుకుని, ఇంటి పద్ధతి మార్చి, ఆ తర్వాత డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. చిట్టి విషయం వేరు. ఆరు నెలలకే మొదటిసారి ఎదకు రావచ్చు, ఇంట్లో ఆపరేషన్ కాని మగకుక్క ఉంది. ఎప్పుడు చేయించాలో ఇప్పుడే డాక్టర్ను అడిగి తేదీ అనుకోండి.

చిట్టిని ఇచ్చేయాలా అంటే, ఇప్పుడు వద్దు. ఇప్పుడు ఇచ్చేస్తే మీ పాప ఏడుస్తుంది, బ్రూనో మాత్రం వీధిలో అలాగే ఎగబడతాడు. ఆ అలవాటు ఇప్పటికే పడిపోయింది కాబట్టి. నిద్ర, పడక తిరిగొస్తే రెండు మూడు వారాల్లో ఇంట్లో తేడా తెలుస్తుంది. వీధిలో తేడాకు నెలలు పడుతుంది. పూర్వంలా వీధి కుక్కలన్నిటితో మళ్లీ ఆడతాడని మాత్రం నేను మాట ఇవ్వలేను. ఆడకపోయినా ఫర్వాలేదు, ఒక కుక్క పక్క నుంచి పోతుంటే పట్టించుకోకుండా నడిచే స్థితికి వస్తే చాలు. పాపకు ఈ సంగతి ముందే చెప్పండి, లేకపోతే వాడు ఎప్పటికీ బాగుపడలేదని బాధపడుతుంది.

బ్రూనో చిట్టిని రక్తం వచ్చేలా కొరికినా, అదను కోసం చూస్తున్నట్టు దాని వెంటే కళ్లు తిప్పుతున్నా ఆ రోజే ఇద్దరినీ పూర్తిగా వేరు చేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. అంతదాకా వచ్చి, ఇంట్లో ఇద్దరినీ వేరువేరుగా చూసుకునే ఓపిక, మనుషులు లేకపోతే చిట్టిని బాగా చూసుకునే ఇంటికి ఇవ్వడంలో తప్పు లేదు. కందుకూరు వాళ్లు తీసుకుంటారేమో ముందే ఒక మాట అడిగి ఉంచండి.

పక్కింటి వాళ్లతో ఏం మాట్లాడారో మీరు రాయలేదు. బ్రూనోకి టీకా వేయించాక ఆ కాగితం తీసుకుని మీరూ, మీ వారూ కలిసి వెళ్లండి. వాళ్ల పొమేరియన్‌కు రేబిస్ టీకా ఉందో లేదో అడగండి, చెవి గాయానికైన ఖర్చు మీరే పెట్టుకోండి. బ్రూనోని ఏ వేళకు బయటికి తీస్తారో చెప్పండి, వాళ్లు తమ కుక్కను అప్పుడు లోపల ఉంచుకుంటారు.